సమస్యాపూరణం: “పొయ్యి యున్నది పొగలేదు బొగ్గు లేదు”

నిర్వాహకుడు, విజయవాడ:
ఈసారి ఇచ్చినది తేటగీతి చివరి పాదం. గ్యాసు పొయ్యిని తెచ్చిపెడితే సమస్య క్షణంలో తీరిపోతుంది కనుక ఆ దారి మూసివేస్తున్నాను. వస్తువు జీవకణంలో శక్తిని తయారుచేసే భాగమైన మైటోకాండ్రియా మాత్రమే కావాలి. విషయం తప్పితే ఛందస్సు ఎంత బాగున్నా పూరణను అంగీకరించలేనని ముందుగానే మనవి చేస్తున్నాను.

జీవశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు బ్రాడీపేట:

కణము నందున రెండేసి గడపలున్న
మడత గోడల యిండ్లలో మంట లేక
యన్నసారము గాలితో నరుగుచుండు
పొయ్యి యున్నది పొగలేదు బొగ్గు లేదు

నిర్వాహకుడు:
అమ్మా, పూరణ నిండుగా ఉంది. రెండు గడపలంటే వెలుపలి త్వచం (పొర), లోపలి త్వచం. మడత గోడలంటే లోపలి త్వచం ముడుతలు పడి ఏర్పడిన క్రిస్టే. ఆ ముడుతల వల్లనే చిన్న చోటులో ఎక్కువ వైశాల్యం సమకూరి, శక్తిని తయారుచేసే ప్రోటీన్లు అన్నిటికీ స్థానం దొరుకుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన మాట “అన్నసారము”. గ్లూకోజు నేరుగా మైటోకాండ్రియాలోకి పోదు. బయట కణద్రవ్యంలోనే పైరువేటు అనే చిన్న అణువులుగా విరిగి, ఆ తరువాత లోపలికి చేరుతుంది. అన్నం అనకుండా సారం అనడంతో పద్యం శాస్త్రానికి సరిగా కట్టుబడింది. కార్బన్ డయాక్సైడ్ పొగ కాదా అని ఎవరైనా అడగవచ్చు. అది కంటికి కనబడక, మసి మిగల్చక, రక్తంలో కలిసి ఊపిరితో వెళ్లిపోతుంది కనుక “పొగలేదు” అన్న మాటకు భంగం లేదు.

తెలుగు పండితుడు, తెనాలి:

తల్లి యండము తోడనే తరలి వచ్చి
తండ్రి వాటాకుఁ జోటీక తనువు లోని
ప్రతి కణంబున నూరేండ్లు భగ్గుమనని
పొయ్యి యున్నది పొగలేదు బొగ్గు లేదు

ఉపాధ్యాయిని, గుంటూరు:
మాస్టారికి నమస్కారం. “భగ్గుమనని పొయ్యి” అన్నది చాలా అందమైన మాట. ఆహారంలోని శక్తి ఒక్కసారిగా కాక మెట్టు మెట్టుగా విడుదలై, కొంత ఏటీపీ అనే, కణానికి శక్తినిచ్చే అణువు రూపంలో నిలవ ఉండి, మిగిలినది ఒంటి వెచ్చదనంగా మారుతుందని ఆ ఒక్క విశేషణం చెప్పింది. ఆ ఏటీపీని 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి గుర్తించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే “ప్రతి కణంబున” అన్నది పొరపాటండీ. మన రక్తంలో పక్వమైన ఎర్రకణాలలో మైటోకాండ్రియా ఉండదు. అవి మోసుకుపోయే ఆక్సిజన్‌ను తామే వాడుకోకుండా, గ్లూకోజును విరిచినప్పుడు వచ్చే కొద్దిపాటి శక్తితోనే బతుకుతాయి. “తండ్రి వాటా” విషయంలోనూ ఒక వివరణ అవసరం. మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏ, అంటే 16,569 క్షార జంటల పొడవున ఉన్న 37 జన్యువులు, తల్లి నుంచే వస్తుంది. కాని దానిలోని ప్రోటీన్లలో అత్యధిక భాగానికి కేంద్రకంలోని జన్యువులే మూలం. వాటిలో తండ్రి వాటా ఉంది.

తెలుగు పండితుడు, తెనాలి:
ఎర్రకణాల సంగతి నాకు తట్టలేదమ్మా. “పలు కణంబుల నూరేండ్లు భగ్గుమనని” అని సవరిస్తున్నాను. ప–భ యతి చెడలేదు. తండ్రి వాటా మాటను డీఎన్‌ఏకు పరిమితం చేసి అర్థం చెప్పుకోవాలని కోరుతున్నాను.

నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి, విజయవాడ:

ఆనకట్టకు నావల నాగి యున్న
నీటి పరుగునఁ దిరుగలి నిలువ కుండ
తిరిగి శక్తిని పోగేయు తీరు గాంచ
పొయ్యి యున్నది పొగలేదు బొగ్గు లేదు

తెలుగు పండితుడు, తెనాలి:
ప్రకాశం బ్యారేజీ పక్కన జీవితం గడిపినవారికే తట్టే ఊహ ఇది. రెండు ఇబ్బందులున్నాయి. “గాంచ” ద్రుతాంతం (చివర ‘న్’ దాగి ఉన్న పదం) కనుక దాని తరువాతి “పొయ్యి” “బొయ్యి” కావాలి. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకూడదు. రెండో పాదంలో మీరే చక్కగా పాటించిన సరళాదేశం (“తిరుగలి” “దిరుగలి” కావడం) ఇక్కడ జారిపోయింది. రెండవది, పద్యంలో కణం ప్రసక్తి ఎక్కడా లేకపోవడంతో తిరుగలికీ పొయ్యికీ అన్వయం కుదరలేదు.

నిర్వాహకుడు:
పండితుల వారి మాట నిజమే, కాని ఈ ఊహను వదులుకోవడానికి నాకు మనసు రావడం లేదు. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించి, 1978లో నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. లోపలి త్వచమే ఆనకట్ట. ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీను నుంచి మరొకదానికి చేరి చివరకు ఆక్సిజన్‌ను కలిసి నీరయ్యే దారిలో, హైడ్రోజన్ అయాన్లు ఆ త్వచానికి వెలుపలి వైపు పోగుపడతాయి. అవి తిరిగి లోపలికి దూకేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే యంత్రం తిరిగి ఏటీపీ తయారవుతుంది. తిరుగలిలో ఒక రాయి కదలకుండా ఇంకొకటి తిరిగినట్లే, ఆ యంత్రంలోనూ తల నిలిచి ఉండగా త్వచంలోని చక్రం, ఇరుసు తిరుగుతాయి. మూడో పాదాన్ని “తిరుగు నట్టుల కణములో దీప్తి గూర్చు” అని మారిస్తే వ్యాకరణమూ అన్వయమూ రెండూ కుదురుతాయేమో చూడండి.

విశ్రాంత ఉద్యోగి, విజయవాడ:
కృతజ్ఞతలతో స్వీకరిస్తున్నాను. సవరించిన పద్యం:

ఆనకట్టకు నావల నాగి యున్న
నీటి పరుగునఁ దిరుగలి నిలువ కుండ
తిరుగు నట్టుల కణములో దీప్తి గూర్చు
పొయ్యి యున్నది పొగలేదు బొగ్గు లేదు