వాలు స్లాబు మీద షింగిల్స్ మనమే పరచుకోవచ్చునా?

ప్రశ్న (కొత్తింటివాడు, శంకర్‌పల్లి)

శంకర్‌పల్లి దగ్గర మా స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాము. పై అంతస్తుకు రెండు వైపులా వాలు ఉండేలా ఆర్‌సీసీ స్లాబు పోయించాము, క్యూరింగ్ కూడా పూర్తయింది. దాని మీద మంగళూరు పెంకులకు బదులు తారు షింగిల్స్ వేయాలని మా కోరిక. ఈ పని చేసిన మేస్త్రీ ఎవరూ మాకు దొరకనందున, నేనూ మా తమ్ముడూ కలిసి పరుద్దామనుకుంటున్నాము. వాలు అడుగుకు ఐదంగుళాలు ఉంది. వీడియోలలో అందరూ చెక్క మీద మేకులు కొడుతున్నారు. మన స్లాబులోకి నేరుగా కాంక్రీటు మేకులు దింపవచ్చునా? వానలకు ముందే, అంటే మే నెలలో ముగించాలని ఉంది. అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు (సైట్ ఇంజినీరు)

నేరుగా దింపవద్దు. షింగిల్ అంటే ఫైబర్‌గ్లాస్ పొరకు తారు పట్టించి, పైన సన్నని రాతి రవ్వ అద్దిన అట్ట. ఒక్కొక్క దానికి కనీసం నాలుగు మేకులు పడతాయి కనుక, కప్పు పూర్తయ్యేసరికి స్లాబు మీది వాటర్‌ప్రూఫింగ్‌కు వేల చిల్లులు పడినట్లే. పైగా కాంక్రీటులో మేకు వంగినా, చుట్టూ పెచ్చు లేచినా తల సమంగా కూర్చోదు. అలా లేచిన తల తన మీదికి వచ్చే షింగిల్‌ను పొడుస్తుంది.

ముందు స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, చూరు నుంచి పైదాకా నిలువుగా రీపర్లు (చెక్క పట్టీలు) బిగించి, ఆ బోల్టు రంధ్రాలను సీలెంట్‌తో మూసి, వాటి మీద నీటికి తట్టుకునే ప్లైవుడ్ కొట్టించండి. చూరు దగ్గరా, రెండు వాలులు కలిసే చోటా జాలీ పెట్టి సందు వదిలితే రీపర్ల మధ్య వేడి గాలి పైకి పోతుంది. మన ఎండలకు ఆ ఒక్క సందే ఎంతో మేలు.

చూరు అంచున ముందు రేకు పట్టీ, దాని మీద ఫెల్టు (షింగిల్స్ కింద పరిచే తారు పొర) రావాలి; పక్క అంచులలో మాత్రం ఫెల్టు మీదికి పట్టీ రావాలి. మొదటి వరుస కింద స్టార్టర్ పట్టీ (చూరు వెంట ముందుగా పరిచే షింగిల్ పట్టీ) వేయకపోతే షింగిల్స్ మధ్య సందుల్లోంచి నీరు ఫెల్టు మీదికి దిగుతుంది. మేకు షింగిల్ మీది జిగురు గీతకు కాస్త దిగువన, పై వరుస కప్పే చోటే పడాలి. కింది వరుస అతుకు మీదనే పై వరుస అతుకు రాకూడదు. మీ వాలు చాలినంత ఉంది; అడుగుకు నాలుగంగుళాల కన్నా తక్కువైతే ఫెల్టు రెండు పొరలు కావాలి, రెండంగుళాల లోపైతే షింగిల్స్ ఆలోచనే మానుకోవాలి.

మే నెల మాత్రం వద్దు. నలభై డిగ్రీల ఎండలో తారు మెత్తబడి, మీ చెప్పుల అచ్చులు పడి, రవ్వ రాలిపోతుంది. వాటర్‌ప్రూఫింగ్ చేసిన స్లాబు ఒక వానాకాలం ఆగగలదు. నవంబరు తరువాత ఉదయం పూట మొదలుపెట్టండి. చలిదేశాలలో శీతాకాలం జిగురు అంటుకోదని భయపడతారు గానీ, మన డిసెంబరు ఎండకు ఆ బెంగ అక్కరలేదు. నడుముకు తాడు లేకుండా మాత్రం ఎక్కవద్దు.

జవాబు (పెంకుల పక్షం, ఘట్‌కేసర్)

ఇంత ఖర్చు పెట్టేవారు మంగళూరు పెంకులనే ఎందుకు వేయించకూడదో నాకు అర్థం కాదు. రంగు వెలవదు, పగిలిన పెంకును తీసి మరొకటి పెట్టుకోవచ్చు, పని తెలిసినవారు దొరుకుతారు. అయితే మా వైపు కోతుల బెడద ఉన్నందున ఏటా కొన్ని పగులుతున్న మాట నిజమే. ఆ ఒక్క విషయంలో షింగిల్స్‌దే పైచేయి. వాటినే వేస్తే లేత రంగు ఎంచుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందే కప్పుల వేడి తగ్గించడానికి. నల్లని షింగిల్స్ దానికి సరిగ్గా ఎదురు.

కొత్తింటివాడు

ఇద్దరికీ ధన్యవాదాలు. పని నవంబరుకు వాయిదా వేశాము. మెట్లగది గోడ వాలుకు పక్కన ఆనుకొని ఉంది, అక్కడ సిమెంటుతో పూడిస్తే చాలునా?

సైట్ ఇంజినీరు

చాలదు. ఎండకు, చలికి కదిలి ఆ సిమెంటు గోడను వదిలేస్తుంది. ఎల్ ఆకారంలో వంచిన చిన్న రేకు ముక్కలను వరుసకు ఒకటి చొప్పున, కింది ముక్క మీదికి పై ముక్క వచ్చేలా షింగిల్స్‌తో పాటు పేర్చుకుంటూ పోవాలి. గోడవైపు అంచుకు పైన గాడి కోసి, మరో రేకును అందులో దూర్చి కిందికి వంచితే గోడ మీది నీరు వెనక్కి పోదు. పూర్తయ్యాక గొట్టంతో నీళ్లు కింది నుంచి పైకి, ఒక్కో చోట కాసేపు ఆగుతూ పట్టండి. పై నుంచి పడితే తడి ఎక్కడ దిగిందో తేల్చుకోలేరు.