కొల్లేరు పక్షులకు, పాప కూచిపూడికి ఒకే కెమెరా: ఏ బ్రాండ్‌లోకి వెళ్ళాలి?

ప్రశ్న (కైకలూరు నుంచి)

నమస్కారం అండీ. నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఆటపాక పక్షుల కేంద్రం మాకు పక్కనే. నవంబరు నుంచి మార్చి దాకా వీలు కుదిరిన ప్రతి ఆదివారం వెళ్తాను. ఫోన్‌తో తీసిన ఫొటోలు క్లాసులో చూపిస్తే, ఆ తెల్ల చుక్కలు గూడబాతులని నేను చెబితే తప్ప పిల్లలకు తెలియడం లేదు. ముక్కు కింద వేలాడే ఆ సంచిని దగ్గరగా చూపించి, అదే దాని చేపల వల అని చెప్పాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. పుస్తకంలో బొమ్మతో కాదు, మన ఊరికి వచ్చిన పక్షితోనే.

ఇంకొకటి. మా పాప ఆరేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. సంక్రాంతి తర్వాత మొదటిసారి తరంగం చేస్తుంది. పోయిన ఏడాది ప్రోగ్రామ్‌లో ఫోన్‌తో తీస్తే ముఖం బాగానే వచ్చింది కానీ చేతులు, పాదాలు అలికేసినట్టు వచ్చాయి. ఇత్తడి పళ్ళెం అంచు మీద దాని పాదాలు స్పష్టంగా కనిపించే ఫొటో ఒక్కటి కావాలి నాకు.

చీటీ పాడితే చేతికి 90 వేలు వచ్చింది. అంతకు మించి పెట్టలేను. విజయవాడలో ఉండే మా మరిది కానన్ 200డీ వాడతాడు, “వదినా, ఇంకేం ఆలోచించకుండా కానన్ తీసుకో” అంటాడు. మా స్కూల్లో తెలుగు మాస్టారు నికాన్ తప్ప వద్దంటారు. వీడియోల్లో చూస్తే అందరూ సోనీ అంటున్నారు. ఒకసారి ఒక బ్రాండ్‌లోకి వెళ్తే మళ్ళీ మారడం కష్టమని, కొన్న లెన్సులు దేనికీ పనికిరావని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (తెనాలి నుంచి)

మేడమ్ గారూ, నేను 16 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. కానన్‌తో మొదలుపెట్టాను. ఎందుకంటే నాకు పని నేర్పిన స్టూడియో ఆయన దగ్గర కానన్ లెన్సులు ఉండేవి, అడిగితే ఇచ్చేవారు. అంతకంటే వేరే కారణం లేదు. ఈ రోజు మొదలుపెట్టేవాళ్ళకు కూడా నేను అదే చెబుతాను. మీకు లెన్సు అరువిచ్చే మనిషి ఎవరో ముందు చూసుకోండి, బ్రాండ్ సంగతి తర్వాత.

బాడీ, అంటే లెన్సు తీసేసిన కెమెరా, నాలుగైదేళ్ళకు పాతబడుతుంది. లెన్సు పదిహేనేళ్ళు ఉంటుంది. ఆ లెన్సు ఏ బాడీకి పడుతుందో నిర్ణయించేది మౌంట్, అంటే లెన్సు బిగించే ఆ లోహపు వలయం. మీరు కొనేది నిజానికి ఆ వలయాన్నే. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది, కానన్ ఈఎఫ్ 1987లో. రెండు కంపెనీలూ 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాల కోసం కొత్త మౌంట్లు తెచ్చాయి. కానన్‌ది ఆర్ఎఫ్, నికాన్‌ది జెడ్. సోనీది ‘ఈ’ (E) అనే మౌంట్, 2010 నుంచి ఉంది, ఫూజీఫిల్మ్ ఎక్స్ మౌంట్ 2012 నుంచి. ఆర్ఎఫ్, జెడ్, ‘ఈ’, ఎక్స్, ఈ నాలుగింటికీ ఇప్పుడు కొత్త లెన్సులు వస్తున్నాయి. వీటిలో దేనిలోకి వెళ్ళినా నష్టపోరు.

జాగ్రత్త పడాల్సింది ఆగిపోయిన దారుల విషయంలో. కానన్ ఈఎఫ్-ఎం అని 2012లో ఒక చిన్న మిర్రర్‌లెస్ మౌంట్ వచ్చింది. ఎం50 అనే కెమెరా అందులోదే, మన దగ్గర చాలామంది కొన్నారు. ఆ వరస ఇప్పుడు ఆగిపోయింది, ఆ లెన్సులు కొత్త ఆర్ఎఫ్ బాడీలకు పట్టవు. నికాన్ 1 కూడా అంతే. సెకండ్‌హ్యాండ్‌లో ఇవి చవగ్గా కనబడతాయి, అటు వెళ్ళకండి.

ఇప్పుడు మీ పని. పక్షులకు పొడుగు లెన్సు, అంటే దూరాన్ని దగ్గరగా చూపేది కావాలి. స్టేజీకి వెలుతురు బాగా లోపలికి తీసుకునే లెన్సు కావాలి, అంటే ఎఫ్1.8 లాంటిది (ఈ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ). ఈ రెండూ ఒకే లెన్సులో మీ బడ్జెట్‌కు దొరకవు. కాబట్టి డబ్బంతా బాడీ మీద పెట్టకండి. మీ మరిది గారి దగ్గర 55-250 లెన్సు (55 నుంచి 250 ఎంఎం దాకా జూమ్ అయ్యేది) ఉందేమో అడగండి, 200డీ వాడేవాళ్ళ దగ్గర చాలామటుకు ఉంటుంది. కానన్ ఆర్50 తీసుకుని, ఈఎఫ్ నుంచి ఆర్ఎఫ్‌కు అడాప్టర్ (రెండు మౌంట్లనూ కలిపే వలయం) పెడితే ఆ లెన్సు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. ఇంకో మాట. ఆర్50కి రెండు లెన్సుల కిట్‌లో వచ్చే 55-210 ఎఫ్5-7.1. మీ మరిది గారిది ఎస్‌టీఎమ్ (చప్పుడు లేకుండా ఫోకస్ చేసే మోటారు) రకం అయితే ఎఫ్4-5.6. పాతదే అయినా ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, పొడుగూ ఎక్కువే.

జవాబు (హైదరాబాద్ నుంచి)

నేను సోనీ ఏ6400 వాడతాను. సోనీలో నాకు నచ్చింది లెన్సుల బజారు. సిగ్మా, టామ్రాన్ ఎన్నో ఏళ్ళ నుంచి ఈ మౌంట్‌కు చేస్తున్నాయి, కోఠిలో తిరిగితే పాతవి కూడా దొరుకుతాయి. కానన్ ఆర్ఎఫ్‌లో చిన్న సెన్సర్ (ఫొటోను పట్టే చిప్) ఉన్న ఆర్50 లాంటి కెమెరాలకు సిగ్మా ఆటోఫోకస్ లెన్సులు 2024లోగానీ రాలేదు. పెళ్ళిళ్ళు, వీడియో అయితే నేను కళ్ళు మూసుకుని సోనీ అనేవాణ్ణి. మీకు మాత్రం చెప్పను అక్కా. సోనీలో పక్షులకు నిజంగా బాగుండే 70-350 లెన్సు కొంటే మీ 90 వేలలో బాడీకి మిగిలేది ఏమీ ఉండదు. పైగా మీ చుట్టుపక్కల సోనీ ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

కైకలూరు నుంచి

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మరిదికి ఫోన్ చేశాను, 55-250 ఎస్‌టీఎమ్ ఉందట. “నేను పెళ్ళిళ్ళకు వాడను వదినా, బీరువాలోనే ఉంటుంది, తీసుకెళ్ళు” అన్నాడు. తెలుగు మాస్టారు మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండ్ నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా), రెండు లెన్సులు కలిపి 40 వేలకు ఇప్పిస్తానంటున్నారు. డబ్బు సగం మిగులుతుంది కదా అని మనసు లాగుతోంది. సెకండ్‌హ్యాండ్ అయితే ఏం చూడాలి?

జవాబు (కాకినాడ నుంచి)

అమ్మా, నేను రిటైరయ్యాక ఈ ఫొటోల పని పట్టుకున్నాను. పాత కెమెరా తప్పు కాదు, చూసి కొనాలి. మొదట కొన్న పాత లెన్సు పైకి అద్దంలా మెరిసిపోతుంటే కొనేశాను. ఇంటికొచ్చి రాత్రి లైట్లార్పి, సెల్ టార్చ్ వెనక నుంచి ఏటవాలుగా వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లా సన్నటి తెల్లటి పోగులు. బూజు. అమ్మినాయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. శుభ్రం చేయించడానికి పెట్టిన డబ్బుతో ఇంకో లెన్సు వచ్చేది.

మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. కొల్లేటి పక్కన ఉన్న మీకు మరీను. కొత్తది కొన్నా పాతది కొన్నా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, అయిదారు వందల్లో దొరికే తేమ మీటరు పెట్టుకోండి. 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. బీరువాలో బట్టల మధ్య మాత్రం పెట్టకండి. మీ మరిది గారి లెన్సు కూడా బీరువాలోనే ఉందంటున్నారు, తెచ్చుకునే ముందు టార్చ్ వేసి చూడండి.

నికాన్ విషయంలో రెండు చూడాలి. ఆ కెమెరాతో ఒక జేపెగ్ ఫొటో తీసి కంప్యూటర్‌లో వేస్తే, ఎన్ని క్లిక్కులు అయ్యాయో ఆ ఫైల్‌లోనే ఉంటుంది. డీ3500 తరగతి బాడీలకు షట్టర్ (ఫొటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) లక్ష క్లిక్కులకు పరీక్షించినది. 80 వేలు దాటితే ధర తగ్గించమనండి. రెండోది, డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. ఇస్తానంటున్న లెన్సుల మీద ఏఎఫ్-ఎస్ అనిగానీ ఏఎఫ్-పీ అనిగానీ లేకపోతే ఫోకస్ మీరే చేత్తో తిప్పుకోవాలి. డీ7200 అయితే మోటారు బాడీలోనే ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ రేపు జెడ్‌కు మారినప్పుడు పాత లెన్సును జెడ్ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటారు లేదు, సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు మళ్ళీ చేత్తోనే.

జవాబు (ఏలూరు నుంచి)

టీచర్ గారూ, నేను కూడా ఆటపాక వస్తుంటాను. అక్కడ పక్షి దూరం అంత ఎక్కువ కాదు. పడవ ఎక్కితే గూళ్ళకు చాలా దగ్గరగా వెళ్తాం, 250 ఎంఎం సరిపోతుంది. 400 కావాల్సింది పులికాట్ ఫ్లెమింగోలకు, అవి దూరంగా నీళ్ళలో నిలబడతాయి. పడవలో ట్రైపాడ్ పెట్టకండి, ఇంజిన్ అదురు అంతా కెమెరాలోకి వస్తుంది. కూర్చుని మోచేతులు డొక్కలకు ఆనించి తీయండి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గనీయకండి. ఆర్50లో పక్షి తలను, కంటిని పట్టుకునే ఫోకస్ ఉంది. నికాన్‌లో పాత జెడ్50లో అది లేదు, జెడ్50 టూలో ఉంది. నాకు ఇది చాలా పెద్ద తేడా. కొమ్మల మధ్య కూర్చున్న పక్షిని తీస్తుంటే పాత కెమెరా ప్రతిసారీ ముందున్న పుల్లను పట్టుకునేది.

కైకలూరు నుంచి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పోయిన శనివారం పాపను తీసుకుని విజయవాడ వెళ్ళాను. ముందు మరిది ఇంట్లో గది తలుపులేసి లెన్సులోకి టార్చ్ వేశాం. రెండు దుమ్ము రేణువులు తప్ప ఏమీ లేదు. కాకినాడ బాబాయి గారూ, మీరు చెప్పకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

షాపులో నాలుగు కెమెరాలు పట్టుకుని చూశాను. ఇది ఎవరూ వీడియోలో చెప్పలేదు కానీ నాకు చాలా తేడా తెలిసింది. కానన్ ఆర్10 చేతిలో బాగా కుదిరింది, కానీ నా డబ్బుకు అందదు. ఆర్50 పట్టు చిన్నది, పెద్ద చేతులవాళ్ళకు చిటికెన వేలు కిందికి జారుతుంది. నా చేతికి సరిపోయింది. 18-45 కిట్ లెన్సుతో ఆర్50, అడాప్టర్, 50 ఎంఎం ఎఫ్1.8, ఇంకో బ్యాటరీ తీసుకున్నాను. జీఎస్‌టీ బిల్లు మీద కెమెరా నంబరు ఉందో లేదో చూసి, వారంటీ మన దేశానిదేనని అడిగి రాయించుకున్నాను. చీటీ డబ్బులో 2 వేల చిల్లర మిగిలింది. తెలుగు మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. మర్నాడు ఆయనే వచ్చి, షట్టర్, అపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలో), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలో) మూడూ ఎలా ముడిపడి ఉంటాయో బోర్డు మీద గీసి నేర్పారు. అది ఏ బ్రాండ్‌కైనా ఒకటేనన్నారు.

ఆదివారం పొద్దున్నే పడవ ఎక్కాను. మొదటి 60 ఫొటోలూ వణికినవే. తర్వాత మోచేతులు ఆనించాను. ఒక గూడబాతు మా వైపు తల తిప్పిన ఫొటో వచ్చింది. సోమవారం క్లాసులో ప్రొజెక్టర్ మీద వేశాను. సంచి గురించి చెప్పబోతుంటే వెనక బెంచీలో పిల్లవాడు లేచి, “టీచర్, పైముక్కు మీద వరసగా ఆ మచ్చలేంటి?” అన్నాడు. ఆ పక్షికి ఇంగ్లిష్‌లో స్పాట్ బిల్డ్ పెలికాన్ అని పేరు వచ్చింది ఆ మచ్చల వల్లేనని చెప్పాను. పదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఆ మచ్చలు చూసింది ఇదే మొదటిసారి.

తెనాలి అన్నయ్య గారూ, ఇక తరంగం ఉంది. మూడో వరసలో కూర్చుంటే 50 ఎంఎం సరిపోతుందా?

తెనాలి నుంచి

అమ్మా, మూడో వరస వద్దు. ముందు వరసల్లో తలలు పాదాలకు అడ్డం వస్తాయి. గురువు గారిని ముందే అడిగి, స్టేజీ పక్కగా కింద కూర్చోండి, కెమెరా పళ్ళెం ఎత్తులోనే ఉండాలి. మీ బాడీలో సెన్సర్ చిన్నది కాబట్టి 50 ఎంఎం అంటే పెద్ద సెన్సర్ మీద 80 ఎంఎం లాగా పడుతుంది, నాలుగైదు అడుగుల దూరం నుంచి పాదాలు, పళ్ళెం, పట్టుచీర అంచు దాకా నిండుగా వస్తాయి. అపర్చర్ ఎఫ్2, షట్టర్ 1/400, ఐఎస్ఓ 3200 దాకా వెళ్ళినా భయపడకండి. ఫొటోలో కొంచెం ఇసుక గింజల్లాంటి చుక్కలు వచ్చినా పరవాలేదు, పాదం కదిలిపోతే మాత్రం సరిచేయలేం. సైలెంట్ షట్టర్ మాత్రం ఆపేయండి, ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డంగా చారలు పడతాయి. రిహార్సల్ రోజు అదే లైట్ల కింద ఓ వంద ఫొటోలు తీసి, ఇంట్లో పెద్దవి చేసి చూసుకోండి. ఎక్కడ ఇబ్బందిగా ఉందో ఇక్కడ రాయండి, ఆ రాత్రే చెబుతాను.