‘దేశ చట్టం ప్రకారం తప్ప’: ఈ మాట లాక్ దాకా ఎలా వచ్చింది?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా అమ్మాయి చరిత్ర పాఠంలో మాగ్నా కార్టా (1215లో ఇంగ్లండు రాజు జాన్ ఒప్పుకున్న హక్కుల పత్రం) వాక్యం ఒకటి ఉంది: తోటివారి తీర్పు ద్వారా గానీ, దేశ చట్టం ప్రకారం గానీ తప్ప ఏ స్వతంత్రుణ్నీ నిర్బంధించరాదని. ఇక్కడ ‘స్వతంత్రుడు’ అంటే మామూలు జనమేనా? రాజు కూడా చట్టానికి లోబడాలన్నది ఇంగ్లీషు తత్వవేత్త లాక్, ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూల ఆలోచన అనుకున్నాను. ఇది వాళ్లకంటే నాలుగైదు వందల ఏళ్ల ముందుది కదా!

జవాబు: మంచి ప్రశ్నండీ. 1215లో ఆ మాట అందరికీ వర్తించలేదు. లాటిన్‌లో ఉన్నది ‘లిబెర్ హోమో’. భూస్వామి కింద పడి ఉండే వెట్టి రైతులు ఆ లెక్కలోకి రారు. జాన్ రాజు యుద్ధాల కోసం పిండిన డబ్బుతో విసిగిన బారన్లు (పెద్ద భూస్వాములు) థేమ్స్ ఒడ్డున రన్నీమీడ్‌లో రాయించుకున్న ఒప్పందం అది. ఆ వేసవి దాటకముందే పోప్ రద్దు చేశాడు. జాన్ పోయాక అతని కొడుకు పేరున మళ్లీ మళ్లీ వెలువడి, 1225 నాటి పాఠం చట్టంగా నిలబడింది.

నన్నడిగితే అసలు మలుపు 1354. మూడో ఎడ్వర్డ్ కాలపు శాసనంలో ‘స్వతంత్రుడు’ పోయి, ‘ఏ అంతస్తులో, ఏ స్థితిలో ఉన్నవాడైనా’ అని వచ్చింది. ‘డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా’ (చట్టం చెప్పిన సరైన పద్ధతి ప్రకారం) అన్న మాట కూడా అక్కడే, అప్పటి కోర్టు ఫ్రెంచిలో, కనిపిస్తుంది. ఇంత పెద్ద మార్పును పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలోనైనా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1627లో ఆ మాటకు పరీక్ష వచ్చింది. మొదటి చార్లెస్ బలవంతపు అప్పు అడిగితే ఇవ్వనన్నవాళ్లను జైల్లో పెట్టాడు. అయిదుగురు నైట్లు కోర్టుకెళ్లి కారణం అడిగితే వచ్చిన జవాబు ‘రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ’, అంతే. మరుసటి ఏడు పార్లమెంటులో డెబ్బై దాటిన న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ ముందుండి నడిపిన పిటిషన్ ఆఫ్ రైట్ (రాజుకు పెట్టిన హక్కుల వినతి), మాగ్నా కార్టాను, 1354 శాసనాన్ని రెండింటినీ ఎత్తి చూపింది.

ప్రశ్న: అయితే లాక్ కొత్తగా చెప్పిందేమిటండీ?

జవాబు: చాలా ఉంది. కోక్ వాదన ‘ఇది ఇంగ్లీషువాళ్లకు తాతముత్తాతల నుంచి వస్తున్న హక్కు’ అని. 1689లో, రాజు అధికారానికి హద్దులు పెట్టిన చట్టం బిల్ ఆఫ్ రైట్స్ వచ్చిన ఏడే, పేరు లేకుండా వెలువడిన లాక్ పుస్తకం ఆ హక్కును పాత కాగితాల మీద ఆధారపడనివ్వలేదు. మనిషిగా పుట్టినందుకే ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మీద హక్కు ఉంది, దాన్ని కాపాడటానికే ప్రభుత్వం అన్నాడు. మాంటెస్క్యూ దారి వేరు. 1729 నుంచి 1731 దాకా ఇంగ్లండులో ఉండి చూసి, 1748 నాటి గ్రంథంలో అధికారాన్ని విడగొట్టడం గురించి రాశాడు.

పాత చట్టం నుంచి వచ్చిన హక్కు, మనిషిగా పుట్టినందుకే ఉన్న హక్కు, ఈ రెండు పాయలూ అమెరికాలో కలిశాయి. అక్కడి రాజ్యాంగానికి 1791లో వచ్చిన అయిదో సవరణలో ‘ఏ వ్యక్తినీ’ అనే ఉంది, ‘డ్యూ ప్రాసెస్’ కూడా ఉంది. అయినా లక్షల మంది బానిసలను ఆ ‘వ్యక్తి’లో చేర్చుకోలేదు. 1215లో వెట్టి రైతులను వదిలేసినట్టే.