జీఆర్ 86 కి ఎన్‌క్లోజ్డ్ ట్రెయిలర్: 20 అడుగులా, 24 అడుగులా?

నెల్లూరు86:
అందరికీ నమస్కారం. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. రెండేళ్లుగా నా టొయోటా జీఆర్ 86 స్పోర్ట్స్ కారుని రేస్ ట్రాక్‌కి నడుపుకుంటూ వెళ్లి నడుపుకుంటూనే తిరిగొస్తున్నా. ఎక్కువగా క్రెసన్ ట్రాక్, ఏడాదికి రెండుసార్లు ఆస్టిన్ దగ్గర సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్. మొన్న ఆస్టిన్‌లో రెండో రోజు మధ్యాహ్నం చూస్తే ముందు బ్రేకు ప్యాడ్లు రేకు దాకా అరిగిపోయాయి. ఆదివారం. కొత్త ప్యాడ్లు ఇంట్లో ఉన్నాయి, ఇల్లేమో 230 మైళ్ల అవతల. పక్క గ్యారేజీలో ఒకాయన తన ప్యాడ్లు ఇచ్చి పుణ్యం కట్టుకోబట్టి ఇంటికొచ్చా. ఆ రాత్రే ఎన్‌క్లోజ్డ్ ట్రెయిలర్, అంటే కారుని లోపల పెట్టి లాక్కెళ్లే మూత పెట్టె, కొనాలని అనుకున్నా. 20 అడుగులదా, 24 అడుగులదా అన్నదే తేలడం లేదు.

లాగేది ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగల బరువు) 1,540 పౌండ్లని ఉంది. ఆస్టిన్ వెళ్తే మా ఆవిడ, ఇద్దరు పిల్లలు కూడా వస్తారు. అమ్మేవాళ్లు 24 తీసుకోమంటున్నారు. మా ఆవిడ అడిగేది ఒక్కటే: ఎక్కడ పెడతావు? మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ట్రెయిలర్‌ని డ్రైవ్‌వేలో ఉంచనివ్వదు. మీరేమంటారు?

డీజిల్_గోదారి:
24 తీసుకో తమ్ముడూ. ఇందులో ఆలోచించేదేం లేదు.

నీ కారు 168 అంగుళాలు, అంటే 14 అడుగులు. 20 లో మిగిలేది ఆరే ఆరు అడుగులు. ముందు కొంత, వెనక కొంత స్ట్రాపులకే పోతుంది. ఇంక టైర్లెక్కడ పెడతావు, జాకెక్కడ పెడతావు, పెట్రోలు డబ్బాలెక్కడ పెడతావు? నేను మొదట 20 దే కొన్నాను. నాది సీ7 కార్వెట్, 177 అంగుళాలు. ముందు గోడకి టూల్ క్యాబినెట్ బిగించాక డీ-రింగులు (స్ట్రాపులు తగిలించే నేల మీది కొక్కేలు) దాదాపు బంపర్ కిందకే వచ్చేశాయి. స్ట్రాపు ఏటవాలుగా పడాల్సింది నిట్టనిలువుగా పడింది. అలా కడితే కారు పైకి ఎగరదు గానీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వేకో దాటాక ఓసారి ఆపి చూస్తే క్యాబినెట్ తలుపు మీద బంపర్ రంగు అంటుకుని ఉంది. పద్నాలుగు నెలలకే అమ్మేసి 24 కొన్నాను.

ఇంకో మాట. గాలి కొట్టేది ట్రెయిలర్ మొహానికి. 20 కీ 24 కీ మొహం ఒకటే, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు. మైలేజీలో పెద్ద తేడా రాదు. పైగా పొడుగుది రివర్స్‌లో నెమ్మదిగా తిరుగుతుంది, చేతికి లొంగుతుంది. పొట్టిది స్టీరింగ్ కాస్త కదిపితే చాలు, మడత పడిపోతుంది.

ఓరుగల్లు_మియాటా:
అన్నా, అసలు గా కారుకు మూత ట్రెయిలర్ ఎందుకు? నా దగ్గర అల్యూమినియం ఓపెన్ ట్రెయిలర్ ఉన్నది, 1,600 పౌండ్లు. నా చిన్న మియాటా కారుతోటి కలిపినా నాలుగు వేలు. దోస్తు దగ్గర ఎన్‌క్లోజ్డ్ ఒకసారి అడిగి తీస్కపోయిన. అదే ట్రక్కు, అదే 65 స్పీడు, ఓపెన్‌తోని 13 మైళ్లు ఇచ్చేది తొమ్మిదికి పడ్డది. ఎదురుగాలికి ట్రక్కు మోరెత్తి ఒర్రుతనే ఉన్నది. పైసలు టైర్లకు పెట్టుకో, మంచిగ తిరుగు.

నెల్లూరు86:
మియాటా అన్నా, ఓపెన్‌దీ చూశాను. నా భయం వడగళ్లకి. మార్చి వస్తే డాలస్ చుట్టుపక్కల కొన్ని రోజులు గుడ్డంత రాళ్లు పడతాయని మీకూ తెలుసు. పైగా ట్రెయిలర్ ఉండబోయేది ఊరి బయట స్టోరేజీలో. టూల్స్, టైర్లు అందులోనే పెట్టి తాళం వేసుకోవాలి. హోటల్ పార్కింగ్‌లో కారు అందరి కళ్లా పడటం కూడా ఇష్టం లేదు. కాబట్టి మూత ఉన్నదే. మిగిలింది సైజు సంగతి.

తూకంరాయి:
నెల్లూరు గారూ, మీ ప్రశ్నలో అసలు సమాచారం స్టిక్కరే, అది మీరే రాశారు. అందరూ కారు పొడవు దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే కారు పొడవు మూడో మెట్టు. మొదటిది డోరు దగ్గరున్న ఆ అంకె, రెండోది మీ ఆవిడ అడిగిన ప్రశ్న.

లెక్క వేద్దాం. 24 అడుగుల స్టీలు ట్రెయిలర్ ఖాళీగా 3,900 పౌండ్లు అనుకోండి, ఇంతకంటే బరువైనవే ఎక్కువ. కారు 2,850. టైర్లు, టూల్స్, పెట్రోలు, నీళ్లు కలిపి 600. మొత్తం 7,350. ఇందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి. అది పడకపోతే ట్రెయిలర్ తోకాడిస్తుంది. 13 శాతం వేస్తే 955. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే ఆ బరువుని ఇరుసులకి పంచే బార్లున్న హిచ్, దాని బరువు ఓ వంద. మీ నలుగురూ కలిపి 450 అనుకుందాం. వెరసి 1,505. స్టిక్కర్‌లో మీకు మిగిలింది 35 పౌండ్లు. ఐసు నింపిన కూలర్ ఒకటి ఎక్కిస్తే అదీ అయిపోయింది.

అదే 20 అడుగులది: 3,300, కారు 2,850, సామాను 500. మొత్తం 6,650. 13 శాతం అంటే 865. హిచ్, మనుషులు కలిపితే 1,415. మిగిలింది 125. ఇదీ ధారాళం కాదు గానీ బతకొచ్చు.

గోదారి గారి ట్రక్కు మూడు పావుల టన్ను డీజిల్, ఆయనకి 24 ముక్కు బరువు మోయడం ఒక లెక్క కాదు. ఆయన చెప్పింది ఆయన ట్రక్కుకి నూటికి నూరుపాళ్లు నిజం.

డీజిల్_గోదారి:
తూకంరాయి గారూ, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టాక వెనక బరువు కొంత ముందు ఇరుసుకీ, కొంత ట్రెయిలర్ ఇరుసులకీ వెళ్తుంది కదా. 955 మొత్తం ట్రక్కు మీదే వేసి లెక్క కట్టడం న్యాయమా? అల్యూమినియం ఫ్రేము 24 చూసుకుంటే ఖాళీ బరువు కూడా బాగా తగ్గుతుంది.

తూకంరాయి:
మీరన్నది నిజమే, కొంత ట్రెయిలర్ ఇరుసుల మీదికి వెళ్తుంది. కానీ ఎంత వెళ్లిందో తూకం వేస్తేగానీ తెలియదు. తెలియని దాన్ని మిగులు కింద రాసుకుని పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టను. ఆ హిచ్ బరువుని పంచుతుంది, స్టిక్కర్ మీది అంకెని పెంచదు.

అల్యూమినియం మాటకి ఒప్పుకుంటాను. బడ్జెట్ ఉంటే అదే దారి. అప్పుడు 24 కూడా ఈ ట్రక్కుకి లొంగుతుంది.

ఏ సైజైనా సరే ఇరుసుల దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. 20 అడుగుల వాటికి చాలాచోట్ల 3,500 పౌండ్ల ఇరుసులు రెండు వేసి ఇస్తారు, అంటే మొత్తం 7,000. పైన మన లెక్క 6,650. రెండు జెర్రీ క్యాన్లు, ఒక చిన్న జనరేటరు ఎక్కాయంటే అంచు మీదున్నట్టే. 5,200 ఇరుసులు అడగండి. అప్పుడు ట్రెయిలర్ రేటింగ్ సాధారణంగా 9,990 వస్తుంది, టైర్లు కూడా పెద్దవి వస్తాయి. ఆగస్టులో ఐ-35 హైవే తారు మీద ట్రెయిలర్ టైరు పేలితే అది ఒక్కటే పోదు, పక్కనున్న ఫెండర్ రేకునీ చీల్చుకుంటూ పోతుంది. ఎస్‌టీ టైర్ల (ట్రెయిలర్ల కోసమే చేసినవి) మీద వేరే గుర్తు లేకపోతే వాటి వేగం 65 మైళ్లే. 80 లో వెళ్లే వాళ్లని చూసి మనమూ వెళ్లకూడదు.

హాలెట్_అక్క:
ఇందాకటి నుంచి పొడవు, బరువు అంటున్నారు. కారు లోపల ఎక్కడ నిలబడుతుందో ఎవరూ అడగలేదు.

నాది పోర్షే కేమన్, ఇంజిను మధ్యలో ఉంటుంది. ట్రెయిలర్ 24. మొదటిసారి ముందు నుంచి ఎక్కించి, టైర్లు వెనక సర్ది, ఓక్లహోమా సిటీ నుంచి టల్సా వైపు బయల్దేరాను. ట్రక్కు వెనక భాగం పెద్దగా దిగలేదు, బాగుందే అనుకున్నాను. అదే తప్పు. టర్నర్ టర్న్‌పైక్ మీద ఒక దిగుడులో పెద్ద లారీ పక్కనుంచి దాటింది. ఆ గాలికి ట్రెయిలర్ ఒకసారి పక్కకి లాగింది, మళ్లీ ఇటు, ఈసారి ఇంకా ఎక్కువ. అద్దంలో కాసేపు కుడి గోడ, కాసేపు ఎడమ గోడ కనిపిస్తున్నాయి. ట్రక్కు బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ వదిలి, డ్యాష్ మీద ట్రెయిలర్ బ్రేకు కంట్రోలర్ మీట చేత్తో నొక్కాను. సర్దుకుంది. పక్కకి తీసి ఆపాక చాలాసేపు దిగలేకపోయాను.

తర్వాత తూకం వేస్తే హిచ్ మీద ఏడు శాతమే ఉంది. కారుని రెండడుగులు ముందుకి జరిపి, టైర్లు ముందు గోడకి మార్చాను. అంతే, ట్రెయిలర్ రైలు పెట్టెలా వెనకే వచ్చింది. 24 లో చోటుంది కాబట్టి జరపగలిగాను. 20 లో అయితే కారుని వెనక్కి తిప్పి ఎక్కించాల్సి వచ్చేది.

నీ కారుకి ఇంజిను ముందుంది తమ్ముడూ. ముందు నుంచి ఎక్కిస్తే బరువు దానంతటదే ముక్కు వైపు పడుతుంది. నీకు 20 లో ఇబ్బంది ఉండదు. రేపు కేమన్ కొనే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పు.

ఓరుగల్లు_మియాటా:
అక్కా, గా మీట సంగతి మాత్రం అందరు యాదుంచుకోవాలె. నాకు ఇయ్యాలనే తెల్సింది.

నెల్లూరు86:
అందరి మాటలూ రెండుసార్లు చదివి, ఈ ఆదివారం పొద్దున్నే డ్రైవ్‌వే మీద ట్రెయిలర్ గీశాం. మా ఆవిడ ముగ్గు పిండితో గీసింది, నేను టేపు పట్టుకున్నా. పొడవు 20 అడుగులు, గోడ నుంచి గోడకి 97 అంగుళాలు, చక్రాల మీద లోపలికి పొడుచుకొచ్చే రెండు పెట్టెల మధ్య 82. చక్రాల పెట్టె బదులు సోనా మసూరి సంచులు రెండు వరసలు పేర్చాం, ఎత్తు సరిగ్గా తొమ్మిది అంగుళాలు వచ్చింది. గోడ బదులు మా అమ్మాయి క్యారమ్ బోర్డు నిలబెట్టి పట్టుకుంది.

కారు గీతల మధ్యకి తెచ్చి డోరు తీశా. పదమూడు అంగుళాలకి క్యారమ్ బోర్డు తగిలింది. డోరు కింది అంచు పై సంచి కుట్టుని రాసుకుంటూ పోయింది. ఆ సందులోంచి నేను బయటికి రాలేకపోయా. కారుని నాలుగంగుళాలు కుడికి జరిపితే ఎడమ కాలు ముందు పెట్టి, సంచుల మీద కూర్చుని, తల వంచి ఎలాగో బయటపడ్డా. ఎండాకాలం రోజుకి రెండుసార్లు ఈ పని చేయడం నా వల్ల కాదు.

24 అడుగులకి గీత పొడిగించినా ఇదే ఇరుకు! పొడవు పెరిగింది గానీ పక్కన ఒక్క అంగుళం కూడా పెరగలేదు. ఇన్నాళ్లూ నేను పొడవు గురించే మథనపడ్డా. నాకు నిజంగా కావాల్సింది ఎడమ గోడకి పెద్ద ఎస్కేప్ డోరు (కారు డోరు తీసుకుని దిగడానికి ట్రెయిలర్ గోడలో ఉండే తలుపు), ఊడదీయగలిగే ఫెండర్. ఆ డబ్బు నాలుగడుగుల పొడవుకి పెట్టే బదులు అక్కడ పెడతా.

పొడవు సంగతీ చూశాం. కారు ముందు నాలుగడుగులు, వెనక రెండడుగులు వదిలితే డీ-రింగుల నుంచి స్ట్రాపులు ఏటవాలుగానే వస్తున్నాయి. క్యాబినెట్ పెట్టను. టైర్లు ముందు గోడకి ర్యాక్ మీద, బానెట్‌కి పైన. స్టోరేజీ వాళ్ల దగ్గర 25 అడుగుల స్లాట్లు, 30 అడుగుల స్లాట్లు ఉన్నాయి. 20 అడుగులదాన్ని టంగ్‌తో (హిచ్‌కి తగిలే ముందు భాగం) కలిపి టేపు పెట్టి కొలిస్తే 24 అడుగుల 4 అంగుళాలు. 24 దైతే 30 స్లాటే, నెలనెలా అద్దె ఎక్కువ.

డీజిల్_గోదారి:
ఎస్కేప్ డోరు మాట నేనే ముందు చెప్పాల్సింది. నా 24 కి అది ఉంది కాబట్టే ఆ ఇరుకు మర్చిపోయాను. అయినా నా మాట నాదే, రెండేళ్లు పోతే నీకు పెద్ద కారు వస్తుంది, అప్పుడు 20 చాలదు. మస్టాంగ్ 188 అంగుళాలు. లెక్క వేసుకో.

నెల్లూరు86:
అన్నా, పెద్ద కారు వస్తే దాంతో పాటు పెద్ద ట్రక్కూ రావాలి. అప్పటికి ట్రెయిలర్ మారుస్తా. ఇప్పుడు నా చేతిలో ఉన్నది 1,540.

హాలెట్_అక్క:
కొన్నాక తప్పకుండా తూకం వెయ్యి. ట్రక్ స్టాప్ కాటా మీద ముందు ట్రక్కు ఒక్కటే, మీ నలుగురూ కూర్చుని. తర్వాత ట్రెయిలర్ తగిలించి, హిచ్ బార్లు బిగించకుండా. ట్రక్కు ఇరుసుల మీద పెరిగిందే హిచ్ బరువు.

నెల్లూరు86:
ఆరు వారాలైంది. 20 అడుగులది, 5,200 ఇరుసులు, ఎస్కేప్ డోరుతో తీసుకున్నా. నిన్న ఆస్టిన్ వెళ్తూ కాటా మీదెక్కించా. ట్రెయిలర్ మొత్తం 6,520. హిచ్ మీద 840, అంటే 13 శాతానికి కాస్త తక్కువ. మనుషులు, హిచ్ కలుపుకున్నా స్టిక్కర్ అంకెకి ఇంకా 150 పౌండ్లు తక్కువే ఉన్నాం. ఐ-35 మీద లారీలు దాటినా నిటారుగా నడిచింది. టెంపుల్ దగ్గర ఆపి స్ట్రాపులు చూస్తే ఒక్కటి మాత్రం, వెనక కుడిది, కొద్దిగా వదులైంది. బిగించా.

తూకంరాయి:
సంతోషం. మొదటి ప్రయాణంలో స్ట్రాపు సాగుతుంది, యాభై మైళ్లకి ఒకసారి ఆపి చూడటం అలవాటు చేసుకోండి. చక్రాల నట్లు కూడా టార్క్ రెంచీతో చూశారా? కొత్త ట్రెయిలర్‌కి మొదటి వంద మైళ్లలో అవి వదులవ్వచ్చు.

నెల్లూరు86:
చూడలేదు. ఇప్పుడే వెళ్తున్నా, రెంచీ ట్రెయిలర్‌లోనే ఉంది.