బీపీకి డిసేబిలిటీ పెన్షన్ తిరస్కరించారు, గడువూ దాటింది. ఇప్పుడేం చేయాలి?

కృష్ణాతీరం:
నమస్కారమండీ. మా నాన్నగారు ఆర్మీలో హవల్దారు. 2022లో సర్వీసు పూర్తయి వచ్చేశారు. రిలీజ్ మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం వైకల్యం, జీవితాంతం అని వేసింది గానీ పక్కన 'నానా' కొట్టింది. అంటే జబ్బు సర్వీసు వల్ల రాలేదు, ముదరనూ లేదు అని. క్లెయిమ్ కొట్టేసినట్టు అప్పుడే లెటర్ వచ్చింది. అప్పీలుకు ఆరు నెలలే గడువట. ఇంకా దారుందా?

మాజీ_రికార్డ్స్_క్లర్క్:
ఉంది. ముందు బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ తెప్పించండి. లెటర్‌లో ఉండేది ఒక్క వాక్యం, అసలు కారణం ఆ పేజీల్లో ఉంటుంది. రికార్డ్ ఆఫీసుకు ఆర్టీఐ వేయండి, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు. దరఖాస్తు మాత్రం నాన్నగారి పేరు, సంతకంతోనే వెళ్లాలి. మీ పేరుతో వేస్తే వేరొకరి వైద్య వివరాలు ఇవ్వలేమంటారు.

బీపీ కేసుల్లో మామూలుగా రాసేది 'పీస్ స్టేషన్లో (సరిహద్దు ఒత్తిడి లేని మామూలు పోస్టింగులో) బయటపడింది' అని. అదే ఉంటే పోస్టింగుల వరస చూడండి. ఫీల్డ్ లేదా హై ఆల్టిట్యూడ్ నుంచి దిగిన కొద్ది నెలలకే బీపీ పట్టుబడిందా? అయితే తేదీలతో అదే అప్పీలుకు ప్రాణం. సైనిక మెడికల్ ఆఫీసర్ల గైడ్ (2008) 43వ పేరా బీపీ గురించే, దాన్ని ఉటంకించండి.

మొదటి అప్పీలు రికార్డ్ ఆఫీసు ద్వారా ఫస్ట్ అప్పీల్ కమిటీకి వెళ్తుంది. ఆలస్యానికి కారణం మొదటి పేరాలోనే రాయండి. అక్కడా కాదంటే రెండో అప్పీలు, దానికీ ఆరు నెలలే.

ఏఎఫ్‌టీ_ప్రాక్టీస్:
పై మాటకు కొంత చేర్పు. 2013 ధరమ్‌వీర్ సింగ్ తీర్పు తప్పక పెట్టండి. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లే అనుకోవాలి, కాదనే బోర్డు కారణాలు రాయాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని అది తారకమంత్రం కాదు. 2019 నర్సింగ్ యాదవ్ కేసులో మానసిక జబ్బు విషయంలో కోర్టు బోర్డు మాటకే విలువిచ్చింది. అందుకే పోస్టింగుల ఆధారం కూడా ఉండాలి.

నాన్నగారు 2023 సెప్టెంబర్ 21కి ముందే రిటైరయ్యారు కాబట్టి 2008 నాటి పెన్షన్ అర్హత నియమాలే వర్తిస్తాయి. జవాబులో 2023 నియమాలు చూపిస్తే అదే తప్పుగా ఎత్తి చూపండి.

అప్పీలు వేశాక ఆరు నెలలు ఉలుకూ పలుకూ లేకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు (ఏఎఫ్‌టీ) వెళ్లొచ్చు. ఆంధ్ర, తెలంగాణలకు చెన్నై బెంచ్. ఆలస్య మాఫీ పిటిషన్ జతచేయండి. నెలనెలా నష్టం కొనసాగుతోందన్న వాదన ఉంది గానీ, ప్రభుత్వ వకీలు 2008 తర్సేమ్ సింగ్ తీర్పు చూపి బకాయిలు మూడేళ్లకే కుదించమంటాడు. ఇంకా ఆగితే మీకే నష్టం.

కృష్ణాతీరం:
30 శాతానికి ఎంత వస్తుందండీ?

ఏఎఫ్‌టీ_ప్రాక్టీస్:
100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం లెక్క. జీతం 50,000 అనుకుంటే 30 శాతం వైకల్యానికి 4,500, దాన్ని 50గా రౌండ్ చేస్తే 7,500. డీఆర్ (కరువు భృతి) వేరే. 2014 రామ్ అవతార్ తీర్పుతో సర్వీసు పూర్తిచేసి దిగినవారికీ రౌండింగ్ ఉంది, కానీ పిటిషన్‌లో మీరు కోరేవి రాసే భాగంలో (ప్రేయర్) విడిగా అడగండి. అడగకపోతే ఆర్డరులో ఉండకపోవచ్చు, మళ్లీ తిరగాలి. ఒకటి అదృష్టం: బోర్డు 20 కంటే తక్కువ వేసి ఉంటే ముందు ఆ శాతాన్నే సవాలు చేయాల్సి వచ్చేది. 20 లోపు ఉంటే రౌండింగ్ లేదని 2019లోనే తేల్చేశారు.