నాగార్జునకొండ: మామయ్యగారిని లాంచీలో తీసుకెళ్లగలమా?

ప్రశ్న (సాగర్ కోడలు, వనస్థలిపురం):
అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి 78 ఏళ్లు. వాళ్లది నాగార్జునసాగర్ డ్యామ్ కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలో మునిగిపోయిన ఊరు. అక్కడ పాత కట్టడాల కోసం తవ్వకాలు జరిగేటప్పుడు ఆయన ఏడెనిమిదేళ్ల పిల్లాడు. వాళ్ల నాన్న అక్కడ కూలికి వెళ్తే, ఈయన మధ్యాహ్నం సద్ది పట్టుకెళ్లేవారట. ఊరు వదిలాక మళ్లీ అటువైపు వెళ్లలేదు. మొన్న ఉగాది రోజు, "ఒకసారి చూసొద్దామా అమ్మా" అని ఆయనే అడిగారు. నేను ఈ ఇంటికి వచ్చి పదిహేనేళ్లయింది, తన కోసం ఆయన ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఎలాగైనా తీసుకెళ్లాలి. కానీ మోకాళ్ల నొప్పులున్నాయి, లాంచీ ఎక్కడం, దిగడం అంటే నాకు టెన్షన్‌గా ఉంది. పాప, బాబు ఇద్దరూ వస్తారు, ఒకరికి 13, ఒకరికి 9. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ వాసి):
తప్పకుండా తీసుకెళ్లండి. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. కొండ ఇప్పుడు నీళ్ల మధ్య దీవి, మ్యూజియం దాని మీదే ఉంది, శుక్రవారం ఉండదు. లాంచీలు నీటిమట్టాన్ని బట్టి, వచ్చిన జనాన్ని బట్టి నడుస్తాయి, కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రయాణం సుమారు గంట. మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ఎక్కేచోట, దిగేచోట ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం, సరిపోయింది. దిగాక మ్యూజియం దాకా నడక ఉంది, తొందరపెట్టకండి.

జవాబు (బడిపంతులు):
పిల్లలకు ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండమ్మా, లేకపోతే వాళ్లకు రాళ్లే కనిపిస్తాయి. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. 1926లో బయటపడింది. 1955లో డ్యామ్‌కు పునాది వేశారు, లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి, నాలుగు వైపులా ముందుకు వచ్చిన అరుగుల మీద అయిదేసి రాతి స్తంభాలుండేవి, వాటినే ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి జననం, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం, ఈ అయిదింటికి గుర్తుగా. వాటి మీద ప్రాకృత శాసనాల్లో ఆ చైత్యాన్ని కట్టించిన చాంతిసిరి పేరుంది. ఆమె ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. ఈ మాట మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ వాసి):
ఓపిక ఉంటే అనుపు కూడా చూడండి, లోయలోని కొన్ని కట్టడాలను మళ్లీ కట్టిన ఇంకో చోటు అది. అక్కడికి రోడ్డు మీద వెళ్లొచ్చు, లాంచీ అక్కర్లేదు.

సాగర్ కోడలు (మూడు వారాల తర్వాత):
వెళ్లొచ్చామండీ. లాంచీలో మామయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు, రెయిలింగ్ పట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. మా పాప మాత్రం స్తంభాల దగ్గరికెళ్లి "మేనత్త పేరు ఏదమ్మా?" అని నా ప్రాణం తీసింది. పంతులుగారికి మా నమస్కారాలు.

మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. ఎవరూ చెప్పకపోవడంతో దాదాపు దాటి వచ్చేశాం. మామయ్యగారు అక్కడే ఆగిపోయారు. కాసేపు వెతికి, "ఇదిగో, ఈ దారిలో సద్ది పట్టుకెళ్లేవాణ్ణి" అని వేలితో చూపించారు. బాబు "మనిల్లేది తాతయ్యా?" అన్నాడు. కొంచెం పక్కకు జరిపి ఒకచోట వేలు ఆపారు, అక్కడ గుర్తేమీ లేదు. "గుళ్ల రాళ్లకు గవర్నమెంటువాళ్లు వచ్చారురా. మన ఇంటి వాసాలు మేమే ఊడదీసి బండికెత్తుకున్నాం" అన్నారు. కోపంగా కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అరగంట అక్కడే ఉన్నాం, మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు.

చివరి లాంచీకి వచ్చేశాం, అనుపు మిగిలిపోయింది. దసరా సెలవుల్లో వెళ్దామని ఇప్పటికే రెండుసార్లు అడిగారు. ఈసారి ఆయన చెల్లెలిని కూడా మిర్యాలగూడ నుంచి పిలిపిస్తున్నాం, ఊరు వదిలేనాటికి ఆమె చంటిపిల్ల.