ప్రకృతి పునరుద్ధరణ నిధులు నల్లమలలో ఎవరి చేతికి అందాలి?

దేవరకొండ అధ్యాపకుడు:
2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి జీవవైవిధ్య సదస్సులో కుదిరిన ఒప్పందం ప్రకారం, జీవవైవిధ్య రక్షణకు 2030 నాటికి అన్ని మార్గాల నుంచీ కలిపి ఏటా కనీసం 20,000 కోట్ల డాలర్లు సమకూర్చాలి. అందులో భాగంగా వర్ధమాన దేశాలకు 2025 నాటికి ఏటా 2,000 కోట్లు, 2030 నాటికి 3,000 కోట్ల డాలర్లు చేరాలి. దీనికి తోడు 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో కాలీ నిధిని ప్రారంభించారు. జీవుల జన్యు సమాచారాన్ని వాడుకొని మందులు, విత్తనాలు, సౌందర్య సాధనాలు తయారుచేసే పెద్ద కంపెనీలు తమ లాభంలో 1 శాతం గానీ, రాబడిలో 0.1 శాతం గానీ అందులో జమ చేయాలని, కనీసం సగం ఆదివాసులకూ స్థానిక సమాజాలకూ చేరేలా చూడాలని దాని ఉద్దేశం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వంటి చోట్ల ఈ డబ్బు తీసుకోవడానికి మనం వెనకాడకూడదని నా అభిప్రాయం. ప్రభుత్వ బడ్జెట్ ఒక్కదానితో అడవి తిరిగి నిలబడదు. సభ్యులు ఏమంటారు?

అచ్చంపేట నివాసి:
మాస్టారూ, కంపెనీల డబ్బు మన అడవులకు కొత్త కాదు. గనికో ప్రాజెక్టుకో అటవీ భూమి ఇచ్చినప్పుడల్లా దాని విలువ కట్టి డబ్బు వసూలు చేస్తూనే ఉన్నారు. దాన్నే కాంపా నిధి అంటున్నాం. 2016 నాటి చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్రాలకే వస్తుంది. దామరచర్ల దగ్గర యాదాద్రి విద్యుత్ కేంద్రానికి వేల ఎకరాల అటవీ భూమి పోయింది. దానికి బదులు ఎక్కడో మొక్కలు పెడితే లెక్క సరిపోయినట్టేనా?

మా వైపు అలాంటి ప్లాంటేషన్ ఒకటి దగ్గరగా చూశాను. పొదలన్నీ యంత్రంతో చదును చేసి, తాడు పట్టినట్టు వరుసగా గుంతలు తీసి, అన్నింటిలోనూ టేకు మొక్కలే నాటారు. ముందు ఏడాది వరకు చెంచు ఆడవాళ్లు గడ్డలు తవ్వుకున్నదీ, బంక ఏరుకున్నదీ ఆ పొదల్లోనే. వాళ్లనెవరూ అడగలేదు. ఎండాకాలానికి సగం గుంతల్లో ఎండిన పుల్లలు మిగిలాయి, బోర్డు మాత్రం నిలబడే ఉంది. ఇటువంటి డబ్బు ఎంత ఎక్కువగా వస్తే, అంత ఎక్కువ అడవి పోయిందని అర్థం.

లింగాల రైతు:
నా పల్లి చేను రెండు రాత్రుల్లో అడవి పందుల పాలైంది. నష్టపరిహారం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో చెప్పే దిక్కు లేదు. ముందు ఆ డబ్బు ఇప్పించండి, ప్రపంచం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాలమూరు లెక్కలు:
చర్చ పక్కకు పోతున్నది. 2012 అక్టోబరులో ఇదే జీవవైవిధ్య సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. వర్ధమాన దేశాలకు ఇచ్చే మొత్తాన్ని 2015 నాటికి రెట్టింపు చేస్తామని అప్పుడే మాట ఇచ్చారు. కాలీ నిధి సంగతి చూస్తే, ఏ కంపెనీ అయినా అందులో డబ్బు వేయడం పూర్తిగా దాని ఇష్టం. చేతికి రాని డబ్బు మీద ఇంత వాదన ఎందుకు?

అసలైన అంకె వేరే ఉంది. ప్రకృతికి హాని చేసే రాయితీలను 2030 నాటికి ఏటా కనీసం 50,000 కోట్ల డాలర్ల మేర తగ్గించాలని అదే ఒప్పందంలో రాశారు. జీవవైవిధ్య రక్షణకు కావాల్సిన డబ్బులో ఏటా 70,000 కోట్ల డాలర్ల లోటు ఉందనుకుంటే అందులో పెద్ద భాగం పూడేది దీనితోనే. దీని గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

లింగాల రైతు:
హాని చేసే రాయితీ అంటే ఏదో కూడా చెప్పు తమ్ముడూ.

పాలమూరు లెక్కలు:
చాలా ఉన్నాయి. ఇంధనం, ఎరువులు, సముద్రంలో చేపల వేట. మన దగ్గర అయితే, 2018 జనవరి నుంచి బోర్లకు 24 గంటలూ ఉచితంగా ఇస్తున్న కరెంటును కూడా ఇందులో చర్చించక తప్పదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రాతి నేలల్లో భూగర్భ జలం దాని వల్ల ఎంత దిగిందో మీకు తెలియనిది కాదు.

లింగాల రైతు:
అనుకున్నదే అయింది. కాలువ రాని చోట బోరు వేసుకుని, ఎండిపోతే మళ్లీ అప్పు చేసి ఇంకొకటి వేసుకున్న మేము ప్రకృతికి శత్రువులమా? మీరు హైదరాబాద్‌లో కూర్చొని వాడే కరెంటు ఏ అడవిని మింగి వస్తున్నదో అచ్చంపేట అన్న పైన రాశాడు, చదువుకోండి. పంది తిన్నదీ నా చేనే, కోత పడేదీ నాకేనా?

వనపర్తి:
రైతన్న అడిగినదానికి సమాధానం కావాలి.

అచ్చంపేట నివాసి:
రాయితీల మాట పక్కన పెడదాం. డబ్బు ఎవరు ఖర్చు చేయాలన్న దానికి చట్టంలో దారి ఇప్పటికే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. వ్యాపారం కోసం వనరులు సేకరించేవారి నుంచి ఆ కమిటీ రుసుము వసూలు చేయవచ్చు. 43వ సెక్షన్ కింద దానికి సొంత నిధి కూడా ఉంటుంది. బయటి డబ్బు ఏది వచ్చినా గూడెం గ్రామసభ తీర్మానంతో ఆ నిధిలోకే రావాలి.

దేవరకొండ అధ్యాపకుడు:
ఆ కమిటీలు ఎలా ఏర్పడ్డాయో మీకు తెలుసు. 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువు పెట్టింది. గడువు తోసుకొచ్చినప్పుడు పేర్లు ఎంత తొందరగా రాసుకుంటారో చెప్పనక్కర్లేదు.

మా ఊరి సంగతి చెబుతాను. చెరువు శిఖం భూమిని, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలను, దున్నుకున్నది బయటి కంపెనీ కాదు, మా ఊరి పెద్దలే. వానాకాలం చెరువు నిండితే పంట మునుగుతుందని రాత్రికి రాత్రి అలుగు రాళ్లు పీకేశారు. నీళ్లన్నీ వాగులో కలిసిపోయాయి. ఆ తర్వాత జరిగిన గ్రామసభలో నేను ఆ మాట ఎత్తితే ఒక్కరు కూడా నోరు మెదపలేదు. అటువంటి సభ చేతిలో కోట్లు పెట్టమంటే నేను ఒప్పుకోను.

అచ్చంపేట నివాసి:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మీ పేచీ కంపెనీల డబ్బుతో కాదు, ఊరితో. కానీ మీ ఊరూ చెంచు గూడెమూ ఒకటి కావు మాస్టారూ. అక్కడ శిఖం లేదు, దాన్ని దున్నే పెద్దలూ లేరు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఆ కుటుంబాలకే ఇప్పుడు 15 లక్షల ప్యాకేజీ చూపించి అభయారణ్యం నడిమి భాగమైన కోర్ ప్రాంతం విడిచి వెళ్లమంటున్నారు. వాళ్లు వెళ్లిపోయాక స్థానిక సమాజాలకు సగం అని ఎవరి పేరు మీద రాస్తారు?

దేవరకొండ అధ్యాపకుడు:
వెళ్లడం వాళ్ల ఇష్టంతోనే జరగాలనడంలో మనకు భేదం లేదు. గూడెంలో పెద్దలు లేకపోయినా బంక కొనే వ్యాపారి ఉంటాడు, అతని దగ్గర అప్పులుంటాయి. తీర్మానం మీద వేలిముద్రలు ఎవరు వేయిస్తారో ఆలోచించండి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశంలో అందరికంటే ముందు గట్టిగా నడిపింది మన ఉమ్మడి రాష్ట్రమే. ఖర్చయిన ప్రతి రూపాయినీ జనం ముందు చదివి వినిపించే ఆ పద్ధతిని ఈ నిధికీ పెడితే, డబ్బు గూడేనికి నేరుగా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

అచ్చంపేట నివాసి:
తనిఖీ తప్పకుండా ఉండాలి. అయితే అధికారం ముందు ఇవ్వండి, తనిఖీ ఆ వెంటనే పెట్టండి. తనిఖీ ఏర్పాట్లయ్యేదాకా డబ్బు అటవీ శాఖ ఖాతాలోనే ఉంచుదామంటే, కాంపా నిధికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

దేవరకొండ అధ్యాపకుడు:
రెండూ ఒకే రోజు మొదలవ్వాలి. అంతకు ముందు ఒక్క రూపాయి ఇచ్చినా నేను ఒప్పుకోను.

లింగాల రైతు:
గూడేనికి ఇవ్వండి, నేను అడ్డు చెప్పను. కానీ అడవి అంచున ఉన్న మా ఊళ్లకూ ఆ తీర్మానంలో చోటు పెట్టండి. పులి పెరిగితే పంది తగ్గుతుందని మీరే అంటారు, అది తగ్గేదాకా చేను కాసేది మేము.